కడుపునిండిన డేగ

అమ్మకి ఆ గ్లౌజు దొరికి వారం దాటింది. రెండోదాని కోసం నిన్నటిదాకా వెతుకుతూనే ఉంది.

జర్మనీలో వాల్డార్ఫ్ పక్క ఊళ్లో మేము ఇన్నేళ్లుగా అద్దెకుంటున్న వాటాని అమ్మానాన్నలు ఖాళీ చేస్తున్నారు. ఇంటాయన తన కూతురికి ఇల్లు కావాలన్నాడట. ఖాళీ చెయ్యడమంటే పైనున్న గదులు పెద్ద లెక్కలోవి కావు, అసలు సంసారమంతా కింద కెల్లర్‌లో ఉంటుంది. ఇక్కడ ప్రతి వాటాకీ భూమి కింద ఒక చీకటి గది ఇస్తారు. మావాళ్ళు దాన్ని మొదటి ఏడాదే నింపేశారు. తర్వాత ఏం దాచాలన్నా తలుపుకి భుజం ఆనించి మూయడమే. ఆ గదిలో, చెడిపోయిన గ్రైండరుకీ, ఇంట్లో ఎవరి కాళ్ళకీ పట్టని స్కీ బూట్లకీ మధ్య ఒక అట్టపెట్టెలో అమ్మకి ఆ తోలు గ్లౌజు కనబడింది. వెంటనే నాకు ఫోను.

"వీణా, తోలుది, మోచేతి దాక వస్తది. ఒక్కటే ఉన్నది. ఇంకోటి ఏడవెట్టినవే?"

"అది ఒక్కటే ఉంటదమ్మా. ఎడమచేతికి."

"ఒక్కటే ఎట్లుంటదే? చేతులు రెండు గదా!"

డేగ ఒక చేతి మీదే కూర్చుంటుందని, రెండో చెయ్యి పట్టీల ముడులు విప్పడానికీ మాంసం అందించడానికీ ఖాళీగా ఉండాలని చెప్పాను. అమ్మ "ఆఁ ఆఁ" అంది. నాకు తెలుసు, ఆ "ఆఁ ఆఁ"కి అర్థం సరేలే నేను వెతుకుతాను అని. సామాన్లు సర్దడానికి సాయంగా బ్రెమెన్ నుంచి వచ్చిన రోజున కూడా అమ్మ చేతిలో టార్చిలైటు ఉంది. నేనెప్పుడూ రైల్లో చదువుకుంటూ వస్తాను. ఈసారి అంత దూరం కారు నడుపుకుంటూ వచ్చాను. ఎందుకో చివర్లో చెబుతాను.

గ్లౌజుని చేతిలోకి తీసుకుని ముందు వాసన చూశాను. తోలుకి రాసే కొవ్వు, తడిసిన ఈకలు, వాటి కింద సన్నగా ఇంకేదో. దానికి పేరు లేదు కానీ నాకు బాగా తెలుసు. డేగల మేతకని గడ్డకట్టించిన కోడిపిల్లలు బకెట్లో మెల్లగా కరుగుతున్నప్పుడు వచ్చే వాసన అది. నా పదిహేను, పదహారేళ్ల వయసంతా ఆ వాసనలోనే గడిచింది. అప్పట్లో శనివారం సాయంత్రాలు నేను ఇంట్లోకి రాగానే అమ్మ ముక్కు మూసుకుని స్నానాలగది వైపు వేలు చూపించేది.

ఇక్కడి బడుల్లో తొమ్మిదో తరగతిలోనో పదిలోనో పిల్లలందరూ రెండు వారాలు ఎక్కడో ఒకచోట పని నేర్చుకోవాలి. దాన్ని ప్రాక్టికుమ్ అంటారు. మా ఊరి తెలుగు పిల్లలకి అదొక సమస్యే కాదు. అందరి నాన్నలూ ఒకే సాఫ్ట్‌వేర్ కంపెనీ, పిల్లలూ అక్కడికే. నాన్న నాకు కూడా సీటు చూసి పెట్టాడు. ఒక్క ఫోను చేసి మాట్లాడితే చాలన్నాడు. నాతో వచ్చిన చిక్కే అది. నాకు ఫోను చెయ్యడం రాదు. అంటే నంబరు నొక్కడం వచ్చు, అవతల ఎవరైనా ఎత్తితేనే కష్టం. బేకరీలో రొట్టె అడగడానికి కూడా ముందు మనసులో వాక్యం కట్టుకుని, వరుసలో నా వంతు వచ్చేసరికి అది మరిచిపోయి, పక్కావిడ ఏం కొంటే అదే వేలుతో చూపించే రకాన్ని. అలా మా ఇంట్లో చాలాకాలం ఎవరికీ నచ్చని గసగసాల రొట్టె తిన్నాం.

కాబట్టి ఫోను నంబరు లేని చోటు కోసం వెతికాను. ఊరి గ్రంథాలయం గోడమీద ఒక్క కాగితం దొరికింది. కొండమీద పాడుబడిన కోటలో డేగల్ని పెంచి, ఆదివారాలు ఎగరేసి చూపించే చోటట. కింద చిరునామా మాత్రమే ఉంది. డేగల మీద నాకు ముందునుంచీ ప్రేమ అని చెప్పుకుంటే బాగుంటుంది కానీ, నిజానికి నా ప్రేమ ఫోను లేకపోవడం మీద. అయితే పుస్తకాల పిచ్చి ఉంది కనక, ఆ వారంలోనే గ్రంథాలయంలో ఆ విషయం మీదున్న పుస్తకాలన్నీ చదివేసి, చాలా పొడుగాటి ఉత్తరం రాశాను. వేటాడే పక్షుల జాతులు, వాటి చరిత్ర, నా అభిప్రాయాలు. జవాబుగా ఒక కార్డు వచ్చింది. దానిమీద ఒకటే మాట: "రా."

"గద్దల దగ్గర ఏం నేర్సుకుంటవ్ బిడ్డా?" అన్నాడు నాన్న. అమ్మ ఇంకోలా ఆలోచించింది. తెలిసినవాళ్ళెవరైనా అడిగితే "మా వీణ వెటర్నరీ లైన్ల జేస్తున్నది" అని చెప్పింది. వినేవాళ్ళు తల పంకించి, ఆ లైను ఏ కంపెనీదో అడగలేదు.

కార్డు రాసినావిడ పేరు కెస్లర్, ఇక్కడి మర్యాదలో ఫ్రౌ కెస్లర్. పొట్టిగా, గట్టిగా, ఎప్పుడూ ఒకటే ఆకుపచ్చ కోటులో ఉండేది. ఫ్లాస్కులో కాఫీ తెచ్చుకుని, అది పూర్తిగా చల్లారాక తాగేది. మనుషులతో మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ భుజం మీదుగా దూరంగా చూసేది. నాకు అది వెంటనే నచ్చింది. కళ్ళలోకి చూడని పెద్దమనిషిని జర్మనీలో చూడటం అదే మొదటిసారి. పొద్దున్న కంకర మీద పడ్డ రెట్టలు కడగడం, నీళ్ల తొట్లు తోమడం, పక్షులు రాత్రి కక్కిన బొచ్చూ ఎముకల ఉండల్ని ఏరి ఒక్కొక్కటీ విప్పి చూడడం నా పని. అరిగిందో లేదో ఆ ఉండ చెబుతుంది. నా పుస్తకాల్లో ఇదంతా ఒక చిన్న పేరాలో ఉంది. నేను రెండోరోజున ఆ పేరాని దాదాపు అక్షరం పొల్లుపోకుండా ఆవిడకి అప్పజెప్పాను. ఆవిడ విని, "బాగుంది. పుస్తకాల్లో పక్షి ఎప్పుడూ వెనక్కి వస్తుంది," అంది. చీపురు నా చేతికిచ్చింది.

ఫ్రీడా అప్పుడే వచ్చిన పిల్ల డేగ. చాక్లెట్ రంగు ఒళ్ళు, ఇటుకరంగు భుజాలు, కాళ్ళకి తోలు పట్టీలు, చిన్న మువ్వ. కొత్త పక్షిని చేతిమీద పెట్టుకుని గంటలకొద్దీ ఊరికే తిప్పాలి, మనిషంటే భయం పోయేదాకా. దాని కళ్ళలోకి చూడకూడదు, గబుక్కున కదలకూడదు, మాట్లాడినా గొంతు పెంచకూడదు. బళ్లో టీచర్లు నన్ను వేటికోసమైతే తిట్టేవారో సరిగ్గా అవే. బడినుంచి వచ్చే నివేదికల్లో ఏటా "వీణ ఇంకా ఎక్కువ మాట్లాడాలి" అని రాసేవారు. ఫ్రౌ కెస్లర్ మాత్రం నా వైపు చాలాసేపు చూసి, అంటే నా భుజం మీదుగా చూసి, "నువ్వు బాగా నిలబడతావు," అంది. నా జీవితంలో నాకు దక్కిన మొదటి యోగ్యతాపత్రం అది. ఆ రాత్రి డైరీలో అదొక్క వాక్యమే రాసి, కింద గీత గీశాను.

రెండు వారాలు అయిపోయాక కూడా శనివారాలు వెళ్తూనే ఉన్నాను. వద్దనలేదు కాబట్టి వెళ్ళాను. అక్కడ నేర్చుకున్నదాంట్లో అన్నిటికన్నా ముఖ్యమైనది తక్కెడ. రోజూ పొద్దున్న పక్షిని తూస్తారు. డేగకి మనమీద ప్రేమ ఉండదు, విశ్వాసం ఉండదు, ఆకలి ఉంటుంది. తగినంత ఆకలి ఉంటే గాల్లోంచి తిరిగి చేతిమీదికొస్తుంది. కడుపు నిండి ఉంటే చెట్టెక్కి కూర్చుని మన వంక కూడా చూడదు. అలా కూర్చున్నది మర్నాటికి ఏ అడవిలో తేలుతుందో, ఏ కరెంటు తీగమీద వాలుతుందో ఎవరికీ తెలీదు. అందుకని అక్కడ ఒకటే నియమం: తూచినవాళ్ళే నిర్ణయిస్తారు. ఎగరేయాలా వద్దా అన్నది వయసులో పెద్దవాళ్ళో టిక్కెట్టు కొన్నవాళ్ళో చెప్పేది కాదు. "ఎన్నేళ్ల అనుభవం అని మనుషులు అడుగుతారు," అనేది ఫ్రౌ కెస్లర్. "పక్షి ఇవాళ్టి సంగతే అడుగుతుంది." ఇక్కడ డేగని పెంచుకోవాలంటే వేట పరీక్ష, డేగల పరీక్ష రెండూ ప్యాసవ్వాలి. నేను డేగల పరీక్షకి కూర్చోవాలంటే ముందు ఆవిడ ఊఁ అనాలి. ఆవిడ ఊఁ అనేది నా చదువు చూసి కాదనీ, జనం ముందు నేను నోరు తెరిచి నిర్ణయం చెప్పగలిగిన రోజున అనీ నాకు మెల్లగా అర్థమైంది. ఆ రోజు రాదనే అనుకున్నాను.

ఈలోగా అమ్మ మనసు మారింది. ఎవరింట్లోనో వ్రతంలో ఒకావిడ వాళ్ళబ్బాయి రోబోల గురించి అరగంట చెప్పిందట. అమ్మ తట్టుకోలేక, "మా వీణ డేగలకు ట్రైనింగ్ ఇస్తది," అనేసింది. గది నిశ్శబ్దమైపోయిందట. ఆ నిశ్శబ్దం అమ్మకి చాలా బాగా నచ్చింది. ఇంకేముంది, ఆకులు ఎర్రబడే రోజుల్లో జరిగే తెలుగువాళ్ళ పిక్నిక్ ఆ ఏడాది కోటలో పెట్టారు. వీణ డేగని ఎగరేస్తుంది, అందరూ చూస్తారు. ఈ ఏర్పాటుకి నడుంకట్టింది డాక్టరు పెదనాన్న.

ఆయన మాకు చుట్టం కాదు, అక్కడి తెలుగువాళ్ళందరికీ పెదనాన్నే. గోదావరి జిల్లా మనిషి. మా నాన్న పుట్టకముందే జర్మనీ వచ్చారు. ఆసుపత్రిలో మత్తుమందు ఇచ్చే డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఏ సభలోనైనా ఆయన మాట్లాడటం మొదలుపెడితే ఆ పాత వృత్తి ఇంకా వదల్లేదని తెలిసేది. డేగల మాట చెవిన పడగానే ఆయనకి వాళ్ళ తాతగారి తాతగారు గుర్తొచ్చారు. ఆయన ఏదో సంస్థానంలో రాజుగారి డేగలకి శిక్షణ ఇచ్చేవారట. "మా రక్తంలోనే ఉందమ్మాయ్ అది," అనేవారు పెదనాన్న. ఆ మాటని ఎవరూ కాదనలేదు. అంత పెద్దాయన చెబుతుంటే ఎవరు కాదంటారు?

పిక్నిక్ ముందురోజు, శనివారం, ఫ్రౌ కెస్లర్ నన్నడిగింది, "మీవాళ్ళు గోల చేస్తారా?" అబద్ధం చెప్పలేకపోయాను. "అయితే ఫ్రీడా ముందే ఆ గోల వినాలి," అని, సాయంత్రం డేగని పెట్టెలో పెట్టుకుని మా ఇంటికొచ్చింది. హాల్లో దినపత్రికలు పరిచి, అడ్డకర్ర నిలబెట్టి, దానిమీద కూర్చోబెట్టాం. వంటింట్లో కుక్కరు ఈల వేసింది. టీవీలో ఎవరో ఏడుస్తున్నారు. డాక్టరు పెదనాన్న మర్నాటి ఏర్పాట్ల పేరు చెప్పి అప్పటికే సోఫాలో ఉన్నారు. ఫ్రీడా ప్రతి చప్పుడుకీ తల తిప్పి తిప్పి చూసి, కాసేపటికి ఒక కాలు పైకి ముడుచుకుంది. భయం లేదని అర్థం. మర్నాడు ఎగరాలి కాబట్టి ఫ్రౌ కెస్లర్ చూస్తుండగా దానికి చిన్న ముక్క, మరీ చిన్నది, నేను గ్లౌజు మీద పెట్టి తినిపించాను.

"గంతేనా?" అంది అమ్మ.

"అంతే అమ్మా. రేపు ఎగరాలె."

"రేపు ఎగరాలంటే ఇయ్యాల తినొద్దా? ఇంటికొచ్చిన పక్షి. గంత ముక్క పిల్లికి సుత పెట్టం."

ఆ తర్వాత అమ్మ ధ్యాస ఫ్రౌ కెస్లర్ మీదికి మళ్ళింది. వంటింట్లో కూర్చోబెట్టి పూరీలు వడ్డించింది. ఆవిడ "చాలు" అన్న ప్రతిసారీ ఇంకొకటి వేసింది. చాలు అన్నాక వెయ్యకపోతే అవమానించినట్టని మా లెక్క, చాలు అన్నాక ఆపేస్తారని ఆవిడ లెక్క. మధ్యలో నేనున్నాను, రెండు భాషలూ వచ్చి, ఒక్కదాంట్లోనూ నోరు పెగలక. ఆవిడ మొహంలో మొట్టమొదటిసారి బెదురు చూశాను. అమ్మ నెయ్యి తేవాలని లేచింది, మంచినీళ్లకని లేచింది, హాల్లో టీవీ తగ్గించాలని లేచింది. నాన్న ఒకసారి ఫ్రిజ్ తెరిచి మూశాడు. పెదనాన్న చెయ్యి కడుక్కుంటానని వంటింట్లోకి వచ్చి వెళ్ళారు. ఇవన్నీ అప్పుడు నాకు మామూలుగానే అనిపించాయి. ఫ్రౌ కెస్లర్ బరువుగా మెట్లు దిగి కారు దగ్గరికి వెళ్ళాక, ఫ్రీడాని పెట్టెలోకి ఎక్కించింది నేనే. చేతిమీద కాస్త బరువు ఎక్కువనిపించింది. చెయ్యి అలిసిపోయి ఉంటుందిలే అనుకున్నాను. చేతికి తెలిసిన సంగతి నాకు మర్నాడు గానీ తెలియలేదు.

ఆదివారం పొద్దున్న కోటలో తక్కెడ మీద ఫ్రీడాని నిలబెట్టాను. ముల్లు చూసి, తుడిచి, మళ్ళీ చూశాను. మంచి పిల్ల డేగ కాస్తా పండగకి వచ్చిన అల్లుడిలా ఉంది. అప్పుడు దగ్గరగా చూస్తే, ముక్కు కొసన, నల్లగా ఉండాల్సిన చోట, పసుపు. చికెన్ కడిగేటప్పుడు మావాళ్ళు పట్టించే పసుపు. ఫ్రౌ కెస్లర్ కూడా ముల్లు చూసింది, ముక్కు చూసింది. "తూచింది నువ్వు," అని గోడకి ఆనుకుని చేతులు కట్టుకుంది. "వాళ్ళు నీవాళ్ళు. నువ్వే చెప్పు."

కింద పార్కింగులో అప్పటికే కార్లు ఆగుతున్నాయి. పులిహోర డబ్బాలు, బిర్యానీ గిన్నెలు, చాపలు, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చినవాళ్ళు, స్టుట్‌గార్ట్ నుంచి వచ్చినవాళ్ళు. అమ్మ పట్టుచీరలో ఉంది. నేను డేగతో ఎదురెళ్ళి, మెల్లగా అడిగాను.

"అమ్మా, రాత్రి దీనికి ఏమన్న పెట్టినవా?"

"ఒక్క ముక్కనే. ఆకలితోని సూస్తుంటే మనసు ఒప్పలేదు."

"నువ్వు వెట్టినవా?" అన్నాడు నాన్న. "మరి చెప్పకపోతివి! నేను సుత పెట్టిన. లెగ్ పీస్."

"లెగ్ పీస్ ఎందుకు పెట్టినవ్?"

"గెస్టు గదా!"

డాక్టరు పెదనాన్న గొంతు సవరించుకున్నారు. "కార్జం ముక్కండీ, ఏదో కొంచెం. లివరు చాలా మంచిదండీ పక్షులకి."

ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు పెట్టారు. మిగతా ఇద్దరూ పెట్టలేదని ముగ్గురూ జాలిపడ్డారు. అందరికన్నా ముందుగా తేరుకుంది పెదనాన్నే. ఇత్తడి గుండీల నీలం కోటు సర్దుకుని, చుట్టూ చేరినవాళ్ళ వైపు తిరిగి, "ఏం పర్లేదండీ! తిన్న పక్షికి బలం వస్తుంది. ఇవాళ రెట్టింపు ఎగురుతుంది చూడండి. మా తాతగారి తాతగారు రాజుగారి వేటకి ముందు డేగలకి విందు చేసేవారట," అన్నారు.

ఇది అందరికీ న్యాయంగా తోచింది. తింటే బలం వస్తుందన్నది మనలో ఎవరూ కాదనలేని మాట. "ఇవాళ ఎగరదు," అన్నాను నేను. నా పక్కనున్న అమ్మకి కూడా వినబడలేదు.

"ఒక్క రౌండు వీణా, వీడియో తీసుకుంటా."

"ఇంత దూరం డ్రైవ్ చేసుకొని వచ్చినం గదరా."

"చిన్నగా ఎగరెయ్యమ్మా, దగ్గర్లోనే."

"పిల్లలకి వారం నుంచి చెప్తున్నం."

అమ్మ నా వంక చూసిందంతే. వ్రతంలో దొరికిన నిశ్శబ్దం మళ్ళీ దొరుకుతుందా లేదా అన్నట్టుగా చూసింది. ఆ చూపు ముందు కాదనడం నావల్ల అయ్యేది కాదు. నా మొహమాటం అలాంటిది. ఫ్రీడాకి ఆ జబ్బు లేదు. పెట్టింది తింటుంది, పెట్టినవాళ్ళకి రుణపడి ఉన్నానని అనుకోదు. పట్టీలు విప్పితే నేరుగా లోయ అవతలి అడవిలోకి పోతుంది. మువ్వ చప్పుడు కాసేపు వినబడుతుంది, తర్వాత అదీ ఉండదు. నా వేళ్ళు ముడి మీద ఉన్నాయి. గోడ దగ్గర ఫ్రౌ కెస్లర్ ఈసారి నా భుజం మీదుగా కాదు, నా వైపే చూస్తోంది.

"ఎగిరితే తిరిగి రాదు," అన్నాను. ఈసారి అమ్మకి వినబడింది. ఇంకెవరికీ లేదు. ఎందుకంటే పెదనాన్న అప్పటికే ఉపన్యాసం మొదలుపెట్టారు. నా ఎడమపక్కగా వచ్చి, ఫ్రీడా వెనక నిలబడి, తోక వైపు చూపుడువేలు చాపి, "ఈ తోక చూశారూ, పడవకి చుక్కాని ఎలాగో దీనికి ఇదలాగ," అని పిల్లలకి వివరిస్తున్నారు. ఫ్రీడా ఒళ్ళు కాస్త పొంగించింది. ముందుకి వంగింది. తోక మెల్లగా పైకి లేచింది.

"పెదనాన్నా, పక్కకి జరుగుండ్రి," అన్నాను.

"ఉండమ్మాయ్, నాకు తెలుసు. ఇదిగో, తోక ఎత్తిందంటే ఎగరడానికి సిద్ధపడుతోందన్నమాట..."

డేగ రెట్ట కాకి రెట్టలా కిందపడదు. వెనక్కి, తిన్నగా, సున్నం పిచికారీ కొట్టినట్టు పోతుంది. అందులోనూ కార్జం, లెగ్ పీసు, అమ్మ పెట్టిన ముక్క, అన్నీ కలిసి ఒక రాత్రంతా లోపలున్నాయి. మొదటి ఇత్తడి గుండీ నుంచి ఆఖరి ఇత్తడి గుండీ దాకా పెదనాన్న కోటుమీద ఒక తెల్లటి చార పడింది.

"ఈగిట్!" అని ఒక పాప జర్మన్‌లో ఛీకొట్టింది. ఇంకెవరూ నోరు తెరవలేదు.

పెదనాన్న తన కోటు చూసుకున్నారు. డేగని చూశారు. తర్వాత నన్ను చూశారు. "ఇలా జరుగుతుందని నీకు ముందే తెలుసా?"

"తోక ఎత్తింది గదా పెదనాన్నా."

"మరి చెప్పవేం?"

"చెప్పిన."

ఆయన ఆలోచించారు. నిజమే, చెప్పాను.

"ఇయ్యాల ఎగరదని సుత చెప్పిన," అన్నాను. చుట్టూ అంత నిశ్శబ్దంగా ఉండటం వల్ల నా గొంతు నాకే పెద్దగా వినబడింది. ఒకసారి వినబడ్డాక ఆపడం కుదరలేదు. కడుపు నిండింది, ఎగరేస్తే పోతుంది, పోతే దొరకదు, అందుకని ఇవాళ ఎవరడిగినా ఎగరెయ్యను అని చెప్పాను. పక్కనున్న పెద్దమనిషి నా చేతిమీది డేగ ఎటు తిరిగి ఉందో చూసుకుని రెండడుగులు జరిగాడు. వెంటనే మిగతావాళ్ళు కూడా జరిగారు. నేనెటు తిరిగితే అటువైపు జనం పాయలా విడిపోయారు. అంత గౌరవం నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

"అమ్మాయి ఎగరదంటే ఎగరదండీ," అన్నారు డాక్టరు పెదనాన్న, రుమాలుతో గుండీలు తుడుచుకుంటూ. "తెలిసిన మనిషి చెబుతోంది కదా."

తర్వాత బిర్యానీ చల్లారేదాకా పిల్లలు ఒకటే ప్రశ్నలు. ఎందుకు కక్కుతుంది, రాత్రి నిద్రపోతుందా, నిన్నెప్పుడైనా పొడిచిందా. నేను జవాబులు చెబుతూనే ఉన్నాను. అమ్మ దూరంగా చాపమీద కూర్చుని వింది. ఫ్రౌ కెస్లర్‌కి తెలుగు ఒక్క ముక్క రాదు. ఏం జరిగిందో ఆవిడకి నేను విప్పి చెప్పలేదు, ఆవిడా అడగలేదు. కోటుమీద చార చూసినప్పుడు మాత్రం గోడవైపు తిరిగి, భుజాలు కదిలేలా నవ్వుకుంది. సాయంత్రం ఫ్రీడాని గూటిలో వదిలాక, "వచ్చే శనివారం నీ గ్లౌజు నువ్వు తెచ్చుకో," అంది.

"నాకు లేదు. మీదే వాడుతున్నాను."

ఆవిడ నా చేతికున్న గ్లౌజు వైపు గడ్డంతో చూపించింది. "ఇప్పుడు నీదే. పరీక్షకి అది లేకుండా రానివ్వరు."

ఇదంతా రాస్తుంటే నవ్వొస్తోంది కానీ, అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందని చూసుకుంటే నేను చెప్పగలిగేది తక్కువే. ఇప్పటికీ ఫోను మోగితే పక్కగదిలోకి వెళ్తాను. బ్రెమెన్‌లో గ్రంథాలయంలో ఉద్యోగం, అక్కడ మెల్లగా మాట్లాడితే మెచ్చుకుంటారు. రొట్టె మాత్రం నాకు కావలసిందే అడుగుతున్నాను. పెదనాన్న ఇప్పుడు హైడెల్‌బర్గ్‌లో వయసు మళ్ళినవాళ్ళ కోసం కట్టిన ఇళ్లలో ఉంటున్నారు. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళెవరైనా చూడటానికి వెళ్తే డేగల గురించి చెబుతారట. తాతగారి తాతగారి ప్రస్తావన ఈమధ్య తగ్గింది. "డేగ తోక ఎత్తిందంటే మాత్రం వెనక నిలబడకూడదండీ, అనుభవం మీద చెబుతున్నాను," అంటారట. ఎంత మర్యాదగా చెబుతారంటే, వినేవాళ్ళకి ఆ అనుభవం ఎలాంటిదో అడగాలని తోచదట. నేను కూడా ఎవరికీ చెప్పను.

ఫ్రౌ కెస్లర్‌కి మోకాళ్ళు అరిగిపోయాయి. నేను రెండు పరీక్షలూ గట్టెక్కి, తోటలో గూడు కట్టించుకున్న ఏడాది, పక్షుల్ని ఒక్కొక్కరికీ పంచేస్తూ నాకొక కార్డు రాసింది: "రా." వెళ్ళాను. ఫ్రీడాని ఇచ్చింది. ఇప్పుడది నడివయసు ఆడమనిషిలా నిదానంగా, విసుగ్గా ఉంటుంది. దాన్ని చూసుకునేవాళ్ళు ఎవరూ దొరక్కే, వెంటబెట్టుకుని ఈసారి కారులో వచ్చాను. రైల్లో డేగకి టిక్కెట్టు ఎలా తియ్యాలో ఫోను చేసి అడగాలి మరి.

నిన్న సాయంత్రం, సగం ఖాళీ అయిన హాల్లో, పాత దినపత్రికల మీద, అదే మూలలో ఫ్రీడాని కూర్చోబెట్టాను. అమ్మ టార్చిలైటు పక్కన పెట్టి దాన్ని చాలాసేపు చూసింది. వంటింట్లోకి వెళ్ళింది. ఫ్రిజ్ తలుపు తెరిచిన చప్పుడు వినబడింది. మూసిన చప్పుడు వినబడలేదు. తర్వాత గొంతు వినబడింది.

"వీణా, ఇయ్యాల పెట్టొచ్చా?"

నా ప్లేట్లో అన్నం పెట్టేముందు అమ్మ నన్ను ఏనాడూ అడగలేదు. నాన్ననీ అడగదు, ఇంటికొచ్చిన ప్లంబరునీ అడగదు. ఈ భూమ్మీద అమ్మ అడిగి పెట్టే ప్రాణి ఒక్క ఫ్రీడాయే. అందుకని వెంటనే జవాబు చెప్పకుండా, పెద్ద నిపుణురాలిలా కాసేపు ఆలోచించినట్టు నటించాను. నిజానికి ఆలోచించడానికేమీ లేదు. ఎండాకాలంలో డేగలు పాత ఈకలు రాల్చుకుంటాయి. కొత్తవి వచ్చేదాకా ఎగరవు, తూచేపని లేదు, ఎంత కావాలంటే అంత పెట్టొచ్చు.

"పెట్టొచ్చు అమ్మా. ఎంతైనా పెట్టు."

"ఎంతైనా?"

"ఎంతైనా. పసుపు పట్టియ్యకుండ."

అమ్మ గిన్నెతో వచ్చింది. అట్టపెట్టె మీదున్న ఒంటి గ్లౌజుని ఎడమచేతికి తొడుక్కుంది, కుడిచేత్తో ముక్క అందుకుంది. అప్పుడు రెండు చేతులూ ఒకసారి మార్చి మార్చి చూసుకుని, "ఓ, గందుకా ఒక్కటే," అంది. ఫ్రీడా మువ్వ చప్పుడు చేస్తూ ఆ చేతిమీదికి అడుగేసింది. వెనకనుంచి నాన్న అరుస్తున్నాడు, "లెగ్ పీసు ఆపు, అది నేను పెడ్త!"

"నువ్వు జర పక్కకు నిలబడు," అంది అమ్మ వెనక్కి తిరగకుండానే. "తోక లేస్తున్నది."